నీళ్లు అడిగే ఇల్లు

పాత చీరల్ని జానెడు వెడల్పున చింపి, సబ్బునీళ్లలో ఉడకబెట్టి, ఎండలో ఆరేసి, మెత్తగా మడిచి అత్త మంచం కింద పేర్చడం మనోరమ రోజువారీ పనుల్లో చేరిపోయింది. ఆ రోజు ఆమె మడతలు పెడుతుంటే జనార్దన్ చొక్కా గుండీలు పెట్టుకుంటూ అన్నాడు. "ఎట్లైన ఇంట్లనే ఉంటవు గద. అమ్మ పని నీకు పెద్ద బరువేం గాదు."

అది కసురుకుని అన్న మాట కాదు. వికారాబాద్ పంచాయతీ సమితి ఆఫీసులో అందరూ అతన్ని మెత్తటి మనిషంటారు. మెత్తగా అన్న మాటకు ఎదురు చెప్పడం ఎంత కష్టమో మనోరమకు పెళ్లయినప్పటినుంచీ తెలుసు. గట్టిగా అరిచేవాడి మీద మనం కూడా అరవొచ్చు. ఇంత నెమ్మదిగా మాట్లాడే మనిషికి, ఇంట్లో ఉండడమూ ఊరికే ఉండడమూ ఒకటి కాదని ఎట్లా చెప్పడం?

అత్త భాగమ్మకు గర్భసంచిలో కాన్సర్. హైదరాబాదులో రేడియేషన్ కరెంటు పెట్టించారు. కొన్నాళ్లు తగ్గినట్టే తగ్గి మళ్లీ తిరగబెట్టింది. "ఇగ ఇంటికి తీస్కపోండ్రి, ఏమడిగితే అది పెట్టుండ్రి" అన్నాడు పెద్ద డాక్టరు. బొంరాస్‌పేటలో వ్యవసాయం చూసుకునే పెద్దకొడుకు వెంకటయ్య తల్లిని తెచ్చి తమ్ముడింట్లో దింపాడు. "మా ఇంటామెకు మోకాళ్ల నొప్పులు. మనోరమ అంటే సదువుకున్నది, మందులు గిట్ల ఎరుకైతయి" అన్నాడు. తన బి.ఏ. చదువు ఆ ఇంట్లో పనికొచ్చిందని ఒకరు ఒప్పుకోవడం అదే మొదటిసారి.

భాగమ్మ నోరున్న మనిషి. పాలేర్లతో పొలం చేయించిన మనిషి. కోడలిని ఏనాడూ పేరుపెట్టి పిలవలేదు, "ఓ పిల్లా" అనేది. ఆ నోరు ఇప్పుడు తగ్గిపోయింది. రోజంతా గోడకేసి పడుకునేది. పక్కబట్టలు మార్చేటప్పుడు కళ్లు మూసుకునేది. మనోరమ కూడా ఆమె ముఖం చూసేది కాదు. చూస్తే ఇద్దరికీ సిగ్గు. బట్ట తీయాలి, తుడవాలి, పొడి బట్ట వేయాలి, తడి బట్ట బకెట్లో వేయాలి, పొయ్యి మీద అన్నం దించాలి. చూపులకు తీరికెక్కడిది?

ఒకరోజు అత్తను లేపి కూర్చోబెడుతుంటే మనోరమ నడుము పట్టేసింది. ఇద్దరూ కింద పడేవాళ్లే. భాగమ్మ మంచం కోడు పట్టుకుని ఆగింది. బరువులు ఎత్తొద్దని డాక్టరు చెప్పాక అన్నదమ్ములిద్దరూ కూర్చుని మాట్లాడుకున్నారు. స్టేషన్ రోడ్డు మీద కొత్తగా ఒక నర్సింగ్ హోం తెరిచారు, నయంకాని మనుషుల్ని కూడా ఉంచుకుంటారట. ఇద్దరూ వెళ్లి చూసొచ్చారు.

"మొజాయిక్ బండలు, తమ్మీ, ముఖం కనవడ్తది" అన్నాడు వెంకటయ్య సంతోషంగా. "గేటుకాడ చౌకీదారు, టెలిఫోను, దేవుని పటాలు. అన్నిటికన్న సప్పుడు లేదు సూడు. ఒక్క ముసలామె గూడ మూల్గుతలేదు. గుడి లెక్క ఉంది."

"నువ్వు గూడ ఒకపారి చూసి రా" అన్నాడు జనార్దన్ మనోరమతో. "బట్టలేం పంపాలో, గిన్నెలేం పంపాలో తెలుస్తది."

వాళ్లు ఆమెను అడిగింది అంతవరకే. మనోరమ వెళ్లింది.

నేల నిజంగానే మెరుస్తోంది. తెల్లబట్టల నర్సు నవ్వుతూ అన్నీ చూపించింది. "మా దగ్గర నొప్పి అన్నదే తెల్వదమ్మా" అంది. గదిలో వరసగా మంచాలు, వాటి మీద దుప్పట్లు బిగించిపెట్టిన ఆడవాళ్లు. తలుపు పక్కన బల్ల మీద స్టీలు కూజా. మంచాల మీదినుంచి ఎంత చేయి చాపినా అందదు. కూజా మీద బోర్లించిన గ్లాసు శుభ్రంగా ఉంది. మరీ శుభ్రంగా ఉంది. దాని మీద ఒక్క వేలిముద్ర లేదు.

నర్సును ఎవరో పిలిస్తే బయటికి వెళ్లింది. మనోరమ పక్క మంచం దగ్గర వంగింది. ఆ ముసలమ్మ పెదవులు బీటలువారి ఉన్నాయి.

"నీళ్లు తాగుతవా అవ్వా?"

ముసలమ్మ ముందు తలుపు వైపు చూసింది. తర్వాత తల అడ్డంగా ఊపింది.

"దూప అయితలేదా?"

"అయితది బిడ్డ. తాగితే మల్ల పోస్కోవాలె గద. పిలిస్తే వాండ్లకు కోపం."

అంతే అంది. మనోరమ ఇంటికి నడిచొస్తుంటే ఎండ మాడ్చేస్తోంది. ఆ గదిలో మూలుగు లేకపోవడానికి కారణం నొప్పి లేకపోవడం కాదు. మూలిగితే వినేవాళ్లు లేరు. అక్కడి ఆడవాళ్లు దాహాన్ని కూడా ఎవరికీ కష్టం కలగకుండా సర్దుకుంటున్నారు. పుట్టింట్లో, అత్తింట్లో అందరూ తిన్నాక మిగిలినదానితో సర్దుకోవడం నేర్చినవాళ్లు. చచ్చిపోవడం కూడా అట్లాగే సర్దుకుంటూ చచ్చిపోతారు. మగవాళ్లు చూసి, గుడిలా ఉందంటారు.

ఆ సాయంత్రం గ్లాసు తీసుకుని అత్త దగ్గరికి వెళ్లింది.

"వద్దు" అంది భాగమ్మ.

"పొద్దుగాల నుంచి గుక్కెడే తాగిండ్రు అత్తమ్మా."

"వాడొచ్చే యాళ్లైంది."

వాడంటే జనార్దన్. ఇంటికి రాగానే తల్లి గది గుమ్మంలో నిలబడి, జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని, "ఎట్లున్నవమ్మా?" అని అడుగుతాడు. రోజూ అడుగుతాడు, మర్చిపోడు. కొడుకు గుమ్మంలో నిలబడే ఆ కాస్సేపు వాసన రాకూడదని తల్లి పొద్దుటినుంచీ నీళ్లు మానేస్తోంది. మనోరమ గ్లాసు మంచం పక్కన దించింది. ఇన్నాళ్లూ తను బట్టలు లెక్కగా మార్చింది, మందులు వేళకు వేసింది. తడి బట్టలు తగ్గుతున్నాయని గమనించింది కూడా. మంచిదే, పని తగ్గింది అనుకుంది.

పక్కింటి షాహజాది గోడ మీదుగా పలకరిస్తే మనోరమ ఆ సంగతి చెప్పింది. "మా ఖాలా, అమ్మ చెల్లె, తాండూర్ల గుల్జార్ బేగం ఇంట్లనే పోయింది" అంది షాహజాది. "హైదరాబాద్ల పెద్ద దవాఖాన్ల నర్సు చేసి వచ్చిందామె. ఇంటి ముంగటి హాల్ల మంచాలేస్కొని డాక్టర్లు వాపస్ పంపినోళ్లను చూస్తది. ఆడోళ్లనే. నోరు మాత్రం మంచిది గాదు, ముందే చెప్తున్న."

మనోరమ ఆ ఇల్లు చూసొస్తానంటే జనార్దన్ వెంట వస్తానన్నాడు. ఇద్దరూ రైల్లో తాండూరు చేరారు. నాపరాయి పాలిషింగ్ మిషన్ల దుమ్ముతో వీధులు తెల్లగా ఉన్నాయి. గుల్జార్ బేగం ఇల్లు దూరం నుంచే వినపడింది.

"ఓ గుల్జారమ్మా, గిది ఛాయా, కుడితా?" అంటోంది లోపల ఒక గొంతు.

"కుడితైతే బర్రెకు పోస్త, ఇటియ్యి" అంది ఇంకో గొంతు.

"ఇయ్య. తాగుత. జర చక్కెరెయ్యి."

జనార్దన్ గుమ్మంలోనే ఆగిపోయాడు. రుమాలు బయటికి తీశాడు. గోడలకు సున్నం పెచ్చులూడుతోంది. వాకిట్లో ఎండలో బెడ్‌పాన్లు బోర్లించి ఉన్నాయి. తీగల మీద గుడ్డలు, గుడ్డలు, ఇంకా గుడ్డలు. "గిది దవాఖానానా, సంతనా" అన్నాడు మెల్లగా.

మనోరమ ఆ పాన్ల దగ్గరికి వెళ్లి చూసింది. అంచుల్లో మరక లేదు. గుడ్డ ఒకదాన్ని వేళ్ల మధ్య నలిపి చూసింది, ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది. సబ్బు, ఎండ. అంతే. లోపల ప్రతి మంచానికీ ఒక ముంత, చేతికందేంత దగ్గర. కిటికీ జాలీ చిరిగి ఉంది, దోమలొస్తాయి. దిండు గలీబులు మాసి ఉన్నాయి. అవి కూడా చూసింది, మనసులో పెట్టుకుంది.

గుల్జార్ బేగం లావాటి మనిషి, నోట్లో కిళ్లీ. "ఏం చూస్తున్నవ్ బేటీ? పెండ్లికి పొల్లని చూసెతందుకు వచ్చినట్టు చూస్తున్నవ్."

"కిటికీకి జాలీ చిరిగింది" అంది మనోరమ.

"చిరిగింది. ఇంకేంది?"

"మా అత్తమ్మకు రాత్రిళ్లు నొప్పి మస్తు లేస్తది. సూది ఉంటదా?"

"డాక్టర్ సాబ్ ఇస్తడు. దొరికిన్నాడు ఇస్తడు. దొరకన్నాడు నొప్పి ఉంటది, ఝూట్ చెప్ప నేను. ఆ దినం నేను పక్కన కూసుంట. ఆమె నన్ను తిడ్తది, నేను తిట్లు తింట."

మంచం మీది నుంచి దేవమ్మ అనే ఆమె, ఛాయ్ కోసం గొడవ పెట్టుకున్నామె, కేక వేసింది. "గుల్జారమ్మా, పాన్ పట్టు. నీళ్లు మస్తు తాగిన."

"తాగు, నా పానం తీయ్" అంటూ గుల్జార్ బేగం కదిలింది. వెళ్తూ వెళ్తూ, "కాళ్లు పట్టుకుందునా, నడుం పట్టుకుందునా దేవమ్మా?" అని అడిగింది. దేవమ్మ చెప్పేదాకా చేయి వేయలేదు. ఇన్ని నెలల్లో మనోరమ అత్తను ఎన్నిసార్లో ఎత్తింది, ఎక్కడ పట్టుకోమంటారని ఒక్కసారీ అడగలేదు.

ఆదివారం వెంకటయ్య వచ్చాడు. తాండూరు సంగతి విని మంచం మీంచి లేచాడు. "తురుకోల్ల ఇంట్లనా? మా అమ్మ ఆడ నీళ్లు ముడ్తదా? కోడలుండంగ బయట పడేసిండ్రని ఊరంత అంటది."

"నాకు గూడ గా నర్సింగ్ హోమే నయమనిపిస్తుంది" అన్నాడు జనార్దన్. "పద్ధతి ఉంది."

"ఇద్దరూ ఒక్క నిమిషం ఆగుండ్రి" అంది మనోరమ. "ఆమెను అడుగుదాం."

అన్నదమ్ములు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆ ఆలోచన ఇద్దరికీ రాలేదని ఆ చూపులోనే తెలిసింది.

మనోరమ అత్త పక్కన కూర్చుని రెండు చోట్ల సంగతీ ఉన్నదున్నట్టు చెప్పింది. మొజాయిక్ బండలు, పెచ్చుల గోడ, అందని కూజా, చిరిగిన జాలీ, సూది దొరకని రోజు. దేవమ్మ ఛాయ్ గొడవ చెప్తుంటే భాగమ్మ పెదవి కొసన ఏదో కదిలింది.

"తిట్టనిస్తదా?" అంది.

"తిట్టనిస్తదట. తిరిగి తిడ్తది గూడ."

"అమ్మా, తురుకోల్ల ఇల్లు" అన్నాడు వెంకటయ్య గుమ్మంలోంచి.

భాగమ్మ తల తిప్పింది. చాలా రోజుల తర్వాత ఆ గొంతు పాత గొంతులా పలికింది. "నిన్ను కన్నప్పుడు నీ బొడ్డు కోసింది అలీమాబీ. నిన్ను కడిగింది, నన్ను కడిగింది. వచ్చేటప్పుడు లేని అంటు పోయేటప్పుడు ఏడికెళ్లి వచ్చెరా? బండి కట్టుమను."

వెంకటయ్య చెప్పులేసుకుని బండి మాట్లాడడానికి వెళ్లాడు. జనార్దన్ మాత్రం బయటికి వచ్చాక మనోరమను అడిగాడు. నిజంగానే, బాధగానే అడిగాడు. "అమ్మకు చేసే భాగ్యం మనకు లేకుండ చేస్తున్నవు గద?"

'మనకు' అన్న మాట ఆమె చెవిలో నిలిచింది. "బట్టలు వాండ్లు మారుస్తరు" అంది. "నేను రోజు విడిచి రోజు పోయి కూసుంట. ఇన్ని నెలల సంది ఆమె పక్క మార్చిన గని, పక్కన కూసోలేదు."

తాండూరు చేర్చిన రోజు మనోరమ ముందు ముంత జరిపి పెట్టింది, చద్దరు సర్దింది, సంచిలో బట్టలు తీసి పేర్చబోయింది. గుల్జార్ బేగం సంచి లాక్కుంది. "నువ్వు కూసో." మనోరమ కూర్చుంది. చేతులు ఏదో పని వెతుక్కున్నాయి. ఏమీ దొరకలేదు. వాటిని ఒళ్లో పెట్టుకుంది.

భాగమ్మ ముంత ఎత్తి గటగటా తాగింది. మూతి తుడుచుకుని కోడలి ముఖం తేరిపార చూసింది, ఇప్పుడే ఇంట్లోకి వచ్చిన మనిషిని చూసినట్టు.

"పట్నంల ఏం సదివినవే మనోరమా నువ్వు?"

"చరిత్ర అత్తమ్మా."

"అంటే ఏంది?"

"మునుపటి మనుషుల ముచ్చట్లు."

"అండ్ల నా లెక్కటోళ్లున్నరా?"

మనోరమ ఆలోచించింది. "రాజులున్నరు. రాణులు ఒకరిద్దరు. మీ లెక్క పొలం చేయించినోళ్లు, కాన్పులైనోళ్లు, లేరు అత్తమ్మా."

"మల్లేం సదివినవే బుద్ధి లేకుంట" అంది భాగమ్మ. దేవమ్మ పక్క మంచం మీంచి పకపకా నవ్వింది. "జరుగు ఇటు. నేను చెప్త."

గుమ్మంలో జనార్దన్ గడియారం చూసుకున్నాడు. చేతిలో రుమాలు ఉంది, ముక్కు దగ్గరికి పోలేదు. "మనోరమా, రైలు టైమైతుంది."

ఆమె స్టూలు మంచానికి ఇంకాస్త దగ్గరగా లాక్కుంది. "మీరు పోండ్రి. నేను రేపొస్త."

అతను రుమాలు జేబులో పెట్టుకుని అడిగాడు. "మరి అన్నం?"

"వండుకోండ్రి" అంది మనోరమ, అత్త చేయి తన చేతిలోకి తీసుకుంటూ. "ఆ, చెప్పుండ్రి అత్తమ్మా. మీ పెండ్లప్పుడు మీకు ఎన్నేండ్లు?"