గేరుబాక్సు పోయిన పదకొండు రోజులు

అద్దం వెనక వీసా అధికారిణి కాగితాలు తిప్పుతున్నకొద్దీ లారీ డ్రైవరు కుర్చీ అంచుకి జరుగుతున్నాడు. పక్క కుర్చీలో భార్య నిశ్చింతగా ఆవలించింది కూడా. విదేశంలో ఉన్న ఆమె అక్కకి ఆపరేషను. ఒక్కదాన్నే వెళ్లలేనంటే తోడొస్తానని మాటిచ్చాడు. ప్రయాణానికి ముందే ఇద్దరినీ పిలిచి ఇంత లోతుగా అడుగుతారని అప్పుడు తెలీదు.

"మూడేళ్ల కిందట సరిహద్దు దాటి పక్క దేశంలో పదకొండు రోజులున్నారు. బండి చెడిపోయిందని రాశారు. మీ కంపెనీని అడిగాం. బండి మర్నాడే తిరిగొచ్చిందట, ఇంకో డ్రైవరు తెచ్చాడట. మరి మీరెక్కడున్నారు?"

మైకులోంచి మాటలు గదంతా వినిపించాయి.

"అదేంటండీ, గేరుబాక్సు పోయిందన్నారుగా?" అంది భార్య. దరఖాస్తు నింపింది ఆమే. అప్పుడు ఇంట్లో చెప్పిన అబద్ధాన్నే అతను మళ్లీ చెబితే, గుండ్రటి అక్షరాల్లో రాసిపెట్టింది.

అతను తలుపు వైపు చూశాడు. లోపలివాళ్లు మీట నొక్కితేగానీ అది తెరుచుకోదు.

"అబద్ధమని తేలితే ఇద్దరినీ ఇక ఎప్పటికీ రానివ్వరు" అంది అధికారిణి.

"అక్కడే స్థిరపడ్డ మా అన్నయ్య దగ్గరున్నానండీ" అన్నాడు చివరికి. "మంచానికి అతుక్కుపోయాడు. ఎత్తి కూర్చోబెట్టే దిక్కు లేదు. పదో రోజున పోయాడు."

ఆ అన్న వాళ్లని కట్టుబట్టలతో బయటికి గెంటేసిన రోజు ఆమె నిండు చూలాలు. అతని గడప తొక్కితే తన మొహం చూడొద్దని మొగుడి చేత ఒట్టు వేయించుకుంది.

"పోయారా?" అంది. "మూడేళ్లుగా పొద్దున లేస్తే ఆయన్ని తిడుతూనే ఉన్నాను. చచ్చిపోయిన మనిషిని తిడుతుంటే వింటూ కూర్చున్నారా?"



అధికారిణి మరణ ధ్రువపత్రం అడిగితే లేదన్నాడు. ఇంటికి తెచ్చే ధైర్యం లేక అక్కడే వదిలేశాడు. ఆవిడ అతని భార్యకి వీసా ఇచ్చింది. అతని పాస్‌పోర్టు మాత్రం సొరుగులో పెట్టేసింది.

"విచారణ అయ్యాక ఇస్తాం."

"ఎన్నాళ్లండీ? సరిహద్దు దాటకపోతే నాకు పనే లేదు."

"చెప్పలేం."

మెట్లు దిగుతూ ఆమె అడిగింది: "మీ అన్నయ్య నా గురించి ఏమైనా అన్నారా?"

"నిన్ను పిలిపించమన్నాడు. చూడాలన్నాడు." ఒక మెట్టు కిందికి దిగి ఆగాడు. "నేనే పిలవలేదు."

ఆమె మెట్టు మీదే కూలబడింది.

వారం తిరక్కుండా ఆమె ఒక్కతే విమానమెక్కింది. ఫోన్ చేస్తే అక్క సంగతులే చెబుతుంది. అతను కంపెనీ యార్డులో లారీలు కడుగుతూ, విచారణ ఎక్కడిదాకా వచ్చిందోనని పూటపూటా ఫోన్ తెరిచి చూసుకుంటున్నాడు. 'పరిశీలనలో ఉంది' అనే వస్తోంది.