ఒక మీటరు ఇరవై

గ్యాస్ పైపులు వేసే ముఠా మేస్త్రీ తిబేరియు పోయాడు. పైపులు మోసే లారీ మీదే శ్మశానానికి పోతానని బతికుండగానే చెప్పిపెట్టాడు. పైపులు దించే తీరిక ఎవరికీ లేక, ముప్ఫై టన్నుల లోడు మీదే శవపేటికను ఎక్కించారు.

ఆ ఊరి ఆచారం ప్రకారం శవయాత్ర ప్రతి కూడలిలోనూ ఆగాలి, పాదిరీ సువార్త చదవాలి. మూడో కూడలి దగ్గరపడేసరికి సెప్టిమియు లారీ చక్రాల వంకే చూడసాగాడు. గ్యాస్ లైను వెంట నడిచి కాపలా కాసేది అతనే. ఆ కూడలి కింద లైనుంది. కాగితాల్లో లోతు ఒక మీటరు ఇరవై. నిజానికి అరమీటరైనా లేదు. ఇరవై ఎనిమిదేళ్ల కిందట అక్కడ బండరాయి అడ్డొచ్చింది. శనివారం సాయంత్రం. అప్పట్లో ముఠా లెక్కలు రాసే ఇతన్ని మేస్త్రీ ఒకటీ ఇరవై అని రాసెయ్యమన్నాడు, ఇతను రాసేశాడు.

లోతుంటే బరువు మట్టిలో నలువైపులా పరుచుకుంటుంది. లేకపోతే తిన్నగా పైపు నెత్తినే కూర్చుంటుంది. ఇన్నేళ్లలో ఇంత బరువు ఎప్పుడూ ఆ కూడలిలో ఆగలేదు. పైపు నొక్కుకుంటుంది, పాత అతుకు విడుతుంది. పైగా ఇక్కడ వందమంది చేతుల్లో వెలిగే కొవ్వొత్తులు. చెబితే మేస్త్రీ పరువూ తన ఉద్యోగమూ గంగలో కలుస్తాయి. చెప్పకపోతే సగం ఊరు పేలిపోతుంది.

వెళ్లి లారీకి అడ్డంగా నిలబడ్డాడు. కూడలిలో ఆగకపోతే ఆత్మ దారి తప్పుతుందని పాదిరీ కోప్పడ్డాడు. మేస్త్రీ భార్య వెతూరియా ముందుకొచ్చింది.

"ఏమయ్యా సెప్టిమియూ, ఏమిటీ వేషాలు?"

"వదినా, ఇక్కడ గ్యాస్ పైపు పైపైనే ఉంది. తవ్వలేదు. అన్న రాయమన్నాడు, నేను రాశాను."

అందరికంటే ముందు పాదిరీయే తన కొవ్వొత్తి ఊదేశాడు.

లారీని వెనక్కి పంపేశారు. పేటికను ఎనిమిదిమంది భుజాల మీద మోసి, కూడలిలో సువార్తను నాలుగు ముక్కల్లో ముగించారు.

శ్మశానంలో మేస్త్రీ ముఠావాళ్లే గొయ్యి తవ్వి ఉంచారు. వెతూరియా అందులోకి తొంగిచూసి ఎంత లోతని అడిగింది. ఒక మీటరు ఇరవై అన్నారు వాళ్లు, ఏమాత్రం తడుముకోకుండా.

ఆమె సెప్టిమియు వైపు తిరిగింది. "కొలువు."

ముఠావాళ్ల కొలకర్ర తీసుకుని దించాడు. ఎనభై సెంటీమీటర్లు. ముఠావాళ్లు మబ్బుల వంక చూశారు.

సెప్టిమియు కోటు విప్పి పార పుచ్చుకుని గోతిలోకి దిగాడు. జానెడు పోకముందే రాయి తగిలింది. సిగ్గుతో ఏడుస్తూనే గునపం అడిగి పెకలించాడు. పైన జనం, పేటిక, పాదిరీ గంటసేపు అలాగే నిలబడ్డారు.

"అయింది వదినా, ఒకటీ ఇరవై" అన్నాడు కిందనుంచి.

"కర్ర పెట్టి చెప్పు" అంది వెతూరియా.

అతను కర్ర పెట్టాడు.