ముస్లిం కథ ఒకటి ఉందిగా

పొయ్యి మీద పప్పు ఉడుకుతుంటే వంటగట్టు మీదే ప్రూఫులు పరుచుకుని దిద్దుతోంది నజీమా. విజయవాడలో దుర్గాప్రసాద్ గారు వేస్తున్న కథల సంకలనం అది. మొత్తం పన్నెండు కథలు. వాటిలో ఒకటి ముస్లిం కథ, రాసినాయన మాత్రం ముస్లిం కాదు. అందులో కథానాయిక భర్త పోయిన పదోరోజే గాజులబుట్ట ఎత్తుకుని కంకిపాడు సంతకు బయల్దేరుతుంది, వీధి వీధంతా ఆమెను మెచ్చుకుంటుంది.

నజీమాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే కోపమొచ్చింది. భర్త తారిక్ పోయాక తను ఇద్దత్ గడువు పాటించింది. నాలుగు నెలల పది రోజులు గడప దాటలేదు. వచ్చినవాళ్లు అత్తను ఓదార్చి అటునుంచటే వెళ్లిపోయేవారు. బయటికి వెళ్లకూడదన్నారు గానీ పని చెయ్యకూడదని ఎవరూ అనలేదు. బియ్యం ఏరింది, కూరలు తరిగింది, మామ చొక్కాలకు గుండీలు కుట్టింది. పలికే మనిషి లేక, ఆ ఒంటరితనం భరించలేక, తన గదిలోనే మొదటి కథ రాసుకుంది. బతికున్నప్పుడు తారిక్ అనేవాడు, "నీ రాతలెవరు చదువుతారు, ముందు కూరలో ఉప్పు చూడు" అని. కొడుకు పోయినా అత్త ఆ మాటను పోనివ్వలేదు.

ఆ కథ దుర్గాప్రసాద్ గారికిచ్చి మూడు వారాలైంది. పప్పు దించుతుండగా ఆయన ఫోన్ చేశారు. కథ చాలా బాగుందన్నారు. చదువుతుంటే కళ్లు చెమర్చాయన్నారు. తర్వాత గొంతు తగ్గించారు.

"ఏం చెయ్యనమ్మా, పుస్తకంలో ముస్లిం కథ ఒకటి ఉందిగా. రెండేస్తే ఎక్కువైపోద్ది. అన్నట్టు, దాంట్లో మీ పద్ధతులేమన్నా తప్పుపోయాయేమో కాస్త సరిచెయ్యి. నీకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది?"

ఇంతకుముందు రెండు పుస్తకాలకూ అలాగే సరిచేసింది. ఎక్కడా తన పేరు లేదు. ఈసారీ అడగకముందే పదోరోజు దగ్గర పెన్సిల్‌తో పేజీ అంచంతా నింపేసింది.

"మిగతా పదకొండూ ఏం కథలండీ?" అని అడిగింది.

"అవా? అవి మామూలు కథలేగా."

ఆయన మంచి మనిషే. ఆ మాట తప్పని ఆయనకు తోచనే లేదు. అదే ఆమెను మరీ ఒంటరిని చేసింది. ఫోన్ చెవి దగ్గరే ఉంచుకుని, పెన్సిల్ రాతంతా ఓపిగ్గా చెరిపేసింది.

"అచ్చుతప్పులు దిద్దానండీ," అంది. "ఇద్దత్ గురించి నాకు తెలిసిందంతా నా కథలో ఉంది. కావాలంటే నా పేరుతో అదే వేసుకోండి."