కళ్ళు మూసుకుని గీసిన పొలం

బొమ్మ వేసేటప్పుడు నేను కళ్ళు మూసుకుంటాను. బుర్రకు సెలవిచ్చి చేతిని దాని మానాన వదిలేస్తాను. ఇరవై ఏళ్ళుగా ఇదే నా పద్ధతి. "పిచ్చిగీతలండీ రత్నమాల గారూ" అన్న ప్రతివాళ్ళతోనూ పోట్లాడాను. అలాంటిది తొంభైతొమ్మిదిలో, మాదాపూర్‌లో కొత్తగా లేచిన ఓ కంప్యూటర్ కంపెనీ వాళ్ళు నన్ను పిలిచి, ముందు హాలు గోడంతా మీ ఇష్టమన్నారు.

మూడో రోజు మధ్యాహ్నం కళ్ళు తెరిచేసరికి వాచ్‌మన్ ఐలయ్య చెప్పులు విప్పి గోడముందు నిలబడి ఉన్నాడు.

"మేడం, ఇది మా పొలం. గీ వంకర మా ఒడ్డు. గిది బాయి. మీకెట్ల ఎరుక?"

ఈ బిల్డింగు కింద ఉన్నది వాళ్ళ పొలమేనట. అమ్మేశాక బండలు పేల్చి చదును చేశారు. తల్లి సమాధి అందులోనే ఉండేది. ఇప్పుడు ఆనవాలు లేదు.

"ఎల్లుండి పెత్రమాస. పెద్దలకు బువ్వ పెట్టాలె. పోయినేడు జాగ దొరకక పెట్టలే. అమ్మ ఏడున్నదో జర గీసి చూపెట్టుండ్రి."

"నేనేమన్నా పొలాల లెక్కలు రాసే పట్వారీనా? అవి ఉత్త గీతలయ్యా!" అని కసిరాను. అనేసి నాలుక్కరుచుకున్నాను.

సాయంత్రం ఇంటికి వెళ్ళే చందానగర్ బస్సులో అంతా అయోమయమే. నా చేతికేం తెలుసు? ఏమీ తెలియకపోతే అతనికి బావి ఎలా కనిపించింది? తెలిస్తే, ఇన్నేళ్ళూ నేను గీసినవన్నీ ఎవరి పొలాలు?

పెత్రమాసనాడు పొద్దున్నే విస్తరిలో అన్నం, గారెలు పట్టుకుని వచ్చి నా పక్కన నిలబడ్డాడు. కళ్ళు మూసుకున్నాను. చెయ్యి కదిలితే ఒట్టు! చివరికి ఒక కన్ను తెరిచి, బావి పక్కన ఖాళీ చూసుకుని చుక్క పెట్టేశాను.

ఐలయ్య దాన్ని కాసేపు చూసి, అడుగులతో కొలుచుకుంటూ బయటికి నడిచాడు. స్కూటర్లు నిలిపేచోట ఆగి, విస్తరి పెట్టి, నీళ్ళు చల్లి, వంగి మొక్కాడు. సిగ్గుతో చచ్చిపోయాను. వెనకే పరుగెత్తాను.

"ఐలయ్యా, నిన్ను మోసం చేశాను. కళ్ళు తెరిచి పెట్టాను."

"సూసిన మేడం" అన్నాడు, కండువాతో ముఖం తుడుచుకుంటూ. "అమ్మ రెండేండ్ల సంది ఆకలి మీదున్నది. యాడనో ఒకకాడ పెట్టాలె గద."

విస్తరిలోంచి ఒక గారె తీసి నా చేతిలో పెట్టాడు.

"ఆ సుక్క మాత్రం తుడవకుండ్రి. మల్ల పెత్రమాసకు గీడికే వస్త."