నా చెయ్యి పడని డబ్బా

మా వంటింటికి తలుపు లేదు. పాత చీర చింపి కట్టిన తెర ఉంది. కొల్లూరు కాలనీలో ఈ ఆరో అంతస్తు ఇంటికి వచ్చి రెండేళ్లయినా ఆ తెరను ఎవరూ దించలేదు. శనివారం మధ్యాహ్నం నా కోడలు జయశీల, మనవరాలు గ్లోరియా లోపలికి పోయి దాన్ని దించుకున్నారు.

కాసేపు ఓపిక పట్టాను. తర్వాత మంచినీళ్ల వంకతో తెర తీశాను. గ్లోరియా ఒక కవరులోంచి తెల్లని మెత్తటి ముక్కలను గిన్నెలో పోస్తోంది.

"ఏందే అవి? దూది ఉండల్లెక్కున్నయ్."

"మార్ష్‌మెలోలు నానమ్మా. తింటరు."

"దూది తింటరా?"

"నువ్వు జెర పోయి కూసో. అయినంక ఇస్త."

నేను పోలేదు. సన్నని మంట మీద వెన్న కరిగింది. అందులో ఆ ముక్కలు ముందు ఉబ్బాయి, తర్వాత జారి తీగలు సాగాయి. గ్లోరియా మంట ఆర్పేసి, అట్టపెట్టెలోంచి తీసిన బియ్యపు పేలాల్లాంటివి, కిస్మిస్, సన్నగా తరిగిన ఖర్జూరం, ఎండు ఖుబానీ పండ్ల ముక్కలు అందులో కలిపింది. వెన్న రాసిన పళ్లెంలో పోసి అరచేత్తో అదిమింది. అంతే. కాల్చడం లేదు, వేయించడం లేదు.

"బెల్లం పాకం పట్టరానోళ్లు చేసుకునే మురమురాల ఉండలు గద ఇవి," అన్నాను.

జయశీల నవ్వింది. అంత నవ్వాల్సిన మాట కాదది.

"ఎవరికి ఇవన్నీ?"

"చర్చిల పిల్లలకత్తమ్మా," అంది జయశీల.

"మా ఫ్రెండ్ బర్త్‌డేకు," అంది గ్లోరియా, అదే క్షణంలో.

ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నేను నీళ్లు తాగాను.

"ఎన్నొద్దులుంటయి?"

"పది రోజులు..." అని గ్లోరియా నాలుక కరుచుకుంది.

పది రోజులు. పుట్టినరోజుకు చేసిన తిండి పది రోజులు ఎందుకు నిలవాలి? నిల్వ ఉండే తిండి ఊరికి పోయేవాళ్ల కోసం చేస్తారు. ఈ ఇంట్లో ఎవరు ఊరికి పోయినా మురమురాల ఉండలు నేనే చేశాను. ఈసారి నన్ను అడగలేదు. అడిగితే ఎవరు పోతున్నారో చెప్పాల్సి వస్తుంది కదా.

నా భర్త అబ్రహాము షోలాపూర్ మిల్లు పనికి పోయేటప్పుడు చేసిచ్చాను. మధ్యాహ్నం బయలుదేరతానన్నాడు. నేను పొద్దున నీళ్లకు పోయి బిందెతో వచ్చేసరికి మూట లేదు, మనిషి లేడు. నేను ఏడుస్తానని చెప్పకుండా పోయాడట. ఆరు నెలలకు చనిపోయాడన్న కబురొచ్చింది, మనిషి రాలేదు. చెల్లెలు మల్లమ్మకు భివండి పోయేటప్పుడు చేసిచ్చాను. అక్కడే జ్వరంతో పోయింది. చిన్నకొడుక్కి సూరత్ పోయేటప్పుడు చేసిచ్చాను. ఇప్పుడు వాడి ఫోను నంబరు కూడా మా దగ్గర లేదు. వాడు పోయినప్పుడు నేను నాలుగు రోజులు ముద్ద ముట్టక, పటాన్‌చెరు ఆసుపత్రిలో గ్లూకోజు ఎక్కించుకున్నాను. వీళ్లకు ఆ భయం ఉందని నాకు తెలుసు. కానీ బిందె దించి ఖాళీ ఇల్లు చూడటం ఏమిటో వీళ్లకు తెలియదు.

సాయంత్రం ముక్కలు కోసి, ఒక్కోటీ కాగితంలో చుట్టి, రేకు డబ్బాలో పేర్చారు. నాకు ఒక ముక్క ఇచ్చారు. పళ్లు లేని నోటికి మెత్తగానే ఉంది. రుచి నాకు తెలియలేదు.

వాళ్లు బట్టలు తేవడానికి మేడ మీదికి పోగానే డబ్బా తిప్పి చూశాను. అడుగున కాగితం అంటించి ఇంగ్లీషులో రాశారు, నాకు రాదని. తెలుగు పాటల పుస్తకం పట్టుకుని నేర్చుకున్నాను, ఇంగ్లీషు అక్షరాలు బస్సు బోర్డుల మీద, మందుల అట్టల మీద నేర్చుకున్నాను. నిదానంగానైనా కూడబలుక్కోగలను. గ్లోరియా. రూమ్ నంబరు పద్నాలుగు. మూడో మాట దగ్గర చాలాసేపు ఆగాను. హాస్టల్.

ఆదివారం చర్చిలో పాస్టరుగారు ప్రయాణం చేసే బిడ్డల కోసం ప్రార్థన చేశారు. ఏ బిడ్డో పేరు చెప్పలేదు. అంటే ఆయనకూ తెలుసు. కళ్లు మూసుకున్న వాళ్లందరిలో నేనొక్కదాన్నే కళ్లు తెరిచి జయశీలను చూశాను. ఆమె గ్లోరియా చెయ్యి గట్టిగా పట్టుకుని ఉంది.

ఇంటికొచ్చాక, ఎవరూ చూడనప్పుడు, ఆ డబ్బా తీసి నా ట్రంకు పెట్టెలో చీరల కింద పెట్టాను. పిల్లను ఆపాలని కాదు. డబ్బా కావాలంటే నా దగ్గరికి రావాలి. నన్ను అడగాలి. అడిగితే చెప్పాలి.

సోమవారం పొద్దున లేచేసరికి వంటింట్లో వెతుకులాట వినిపించింది. మూతలు తీస్తున్నారు, పెడుతున్నారు. నేను మంచం మీద గోడ వైపు తిరిగి పడుకున్నాను.

"నానమ్మా, రేకు డబ్బా చూసినవా?"

"ఏ డబ్బా?"

"గదే, శనివారం చేసినం గద."

"చర్చి పిల్లలు తినలేదా? బర్త్‌డే కాలేదా?"

గ్లోరియా నేల మీద కూర్చున్న చప్పుడు. తిరిగి చూస్తే అది నా ట్రంకు వైపు చూస్తోంది. గోడ వెంట చీమల బారు వచ్చి పెట్టె సందులోకి పోతోంది. తొందరలో డబ్బా మూత సరిగా నొక్కలేదు నేను.

"దాసిపెట్టినవా నానమ్మా?"

"యాడికి పోతున్నవో చెప్పు. ఇస్త."

"ఎవరు చెప్పిన్రు నీకు?"

"డబ్బా చెప్పింది. నాకు చదువు రాదనుకున్నరా తల్లీబిడ్డలు?"

తెర దగ్గర జయశీల నిలబడిపోయింది. "అత్తమ్మా, మల్ల నువ్వు అన్నం ముట్టవని..."

"నువ్వుండు. పిల్లను చెప్పనీ."

గ్లోరియా నా మంచం పట్టె పట్టుకుంది. "నాగ్‌పూర్‌ల నర్సింగ్ సీటొచ్చింది నానమ్మా. నాలుగేండ్లు. ఇయ్యాలనే పోతున్న."

నాలుగేళ్లు. ఏడుపు రాలేదు. వచ్చింది కోపం.

"మరి ఉండలు నన్నెందుకు అడగలే? దూది ఉండలు చేసుకుంటవా? నా చెయ్యి చేదయిందా?"

అది తల వంచుకుంది. "నువ్వే అంటివి గద. నువ్వు ఉండలు చేసిచ్చినోళ్లు ఎవ్వరు మల్ల రాలేదని. ఎన్నిసార్లన్నవ్ ఆ మాట. అందుకే నీ చెయ్యి పడకుండ నేనే చేసుకున్న. నేను మల్ల రావాలె గద."

నేను ఆ మాట అన్నాను. ఈ పిల్లను ఒళ్లో పడుకోబెట్టుకుని, కథ చెప్పినట్టు చెప్పాను. అది నమ్మింది. నాకంటే గట్టిగా నమ్మింది.

లేచి ట్రంకు తెరిచాను. పై వరుసంతా చీమలే. నాలుగైదు ముక్కలు బాగున్నాయేమో.

"ఖరాబు చేస్తి," అన్నాను.

"పోనియ్. ఇంకో కవరున్నది. పదైదు నిమిషాల పని." అది ముక్కు తుడుచుకుని లేచింది. జయశీల వెన్న బయటికి తీసింది.

వాళ్ల వెనకే వంటింట్లోకి పోయాను. ఆ తెల్లముక్కలు కరిగి తీగలు సాగుతుంటే గిన్నె పొయ్యి మీద నిలవక పక్కకు జరుగుతోంది. గ్లోరియా ఒక చేత్తో తిప్పలేకపోతోంది. నా చేతులు కొంగులో దాచుకుని చూశాను.

"జెర గిన్నె పట్టు నానమ్మా," అంది.

"వద్దు. నా చెయ్యి పడతది."

"గిన్నె పట్టుకుంటే చెయ్యి పడ్డట్టా? పట్టుకో. కలిపేది నేనే."

మసిగుడ్డ రెండు మడతలు పెట్టి గిన్నె అంచు పట్టుకున్నాను. గరిటె నేను ముట్టలేదు. కిస్మిస్ కూడా అందివ్వలేదు. అది గట్టిగా తిప్పింది, నేను కదలకుండా పట్టుకున్నాను.

"బండి ఎన్ని గంటలకు?" అని అడిగాను.

"పన్నెండింటికి," అంది, ఈసారి దాచకుండా, నా ముఖం చూస్తూ.