సగం తిప్పిన వాల్వు

పెళ్లాం తమ్ముడే. సిఫారసు చేసి ప్లాంటులో పెట్టించిందీ, ఇంట్లో ఉంచుకున్నదీ బావే. అయినా బావకి బావమరిది మీద అనుమానం పుట్టింది. షిఫ్టు ఇన్‌చార్జి పదవికి ఇద్దరి పేర్లూ వినబడుతున్నాయి మరి. పదవి దగ్గర చుట్టరికాలు ఎన్నాళ్లు నిలుస్తాయి?

డిస్టిలేషన్ కాలమ్ అడుగున ద్రవాన్ని మరిగించే రీబాయిలరుంది. గొట్టాల లోపల స్టీము, వాటి చుట్టూ ద్రవం. అది బాగా మరిగితేనే పైన సరుకు శుభ్రంగా వస్తుంది. ఆటోమేటిక్ వాల్వు మరమ్మతుకి వెళ్లడంతో స్టీము వాల్వును చేత్తోనే తిప్పాలి. బావ కంట్రోల్ రూములోంచి చెప్పాలి, బావమరిది బయట తిప్పాలి.

"ఇంకా తెరువు" అంటే "అలాగే బావా" అనేవాడు. ఆ వినయమే బావకి మింగుడుపడలేదు. అతి వినయం ధూర్త లక్షణం అన్నారు కదా!

ఓ మధ్యాహ్నం చెప్పాపెట్టకుండా వెళ్లి చూశాడు. పూర్తిగా తెరిచానన్న వాల్వు సగంలోనే ఉంది.

"దొరికావురా! నా షిఫ్టు పాడుచేసి నువ్వెక్కుదామనా?"

"అది కాదు బావా. మరీ తెరిస్తే మరగడం తగ్గిపోతుంది. చెబితే నువ్వు వింటావా?"

"వేడి పెంచితే మరగడం తగ్గుతుందా? ఎవరి చెవిలో పువ్వులు పెడతావు?"

తిన్నగా మేనేజరు దగ్గరికెళ్లి కుట్ర అని చెప్పేశాడు. విచారణ అయ్యేదాకా బావమరిదిని ఇంటికి పొమ్మన్నాడు మేనేజరు. అతను వెళ్లిపోయాడు.

బావ వాల్వు చక్రం పూర్తిగా తిప్పి, చేతులు దులుపుకుని వచ్చి కూర్చున్నాడు. అడుగు వేడి కాస్త ఎక్కి, ఆగి, పడిపోసాగింది. బాగా కాలిన పెనం మీద నీటిచుక్క పెనానికి తగలకుండా దొర్లుతుంది చూడండి, అలాగే గొట్టాలకీ ద్రవానికీ మధ్య ఆవిరి పొర కట్టేసి, ద్రవానికి వేడి అందకుండా చేసింది. సరుకు చెడడం మొదలైంది. ఇన్నాళ్లూ తన షిఫ్టుకొచ్చిన మంచిపేరు ఎవరి చలవో అప్పుడర్థమైంది.

పరుగున వెళ్లి వాల్వు సగానికి తెచ్చి, బావమరిదిని పిలుద్దామని ఇంటికి ఫోన్ చేశాడు. భార్య ఎత్తింది.

"తమ్ముడు తలనొప్పని సెలవు పెట్టి వచ్చాడు. పడుకున్నాడు. ఇన్‌చార్జి పదవి మీకే ఖాయమటగా! వాడే చెప్పి సంబరపడ్డాడు."

వెనక మేనేజరు నిలబడి ఉన్నాడు.

"వాణ్ని పంపేశాం కదయ్యా. ఇప్పుడెవరు పాడుచేశారు?"

"నేనేనండీ" అన్నాడు బావ. ఫోన్ ఇంకా పెట్టలేదు. అవతల భార్య వింటూనే ఉంది.