తాళానికి చెవి

శేషారత్నం అన్న మాట పెరట్లో బట్టలారేసే తీగల మీద ఉండిపోతుంది. తీగలు అయిదు. మాటకి మూడు చుక్కలు: ఉం, టా, ను.

ఆమె గడప మీద ఆగిపోయి ఉంది. ఒక కాలు లోపల, ఒక కాలు బయట. చేతిలో రేకుపెట్టె. ఊపిరి తీసుకుంటోంది గానీ కదలదు.

బందరులో తాళాల కొట్టు నడిపే పాండురంగయ్య భార్యనీ తీగల్నీ మార్చి మార్చి చూస్తాడు. చేత్తో పట్టుకుని ఇత్తడో, ఉత్త పూతో చెప్పగల మనిషి. ఈ మాట మాత్రం అంతుపట్టదు. ఫోను పెట్టేసేటప్పుడు ఎవరైనా ఉంటాను అంటారు. ఇల్లు కదలనివాళ్లూ ఉంటాను అంటారు. ఆమె ఏ ఉంటాను అందో! అనేటప్పుడు అతను ఏడు లీవర్ల తాళం ఒకటి తిప్పి చూసుకుంటున్నాడు. వినలేదు.

పక్కింటి దేవసహాయం మాస్టారు పెళ్లి బ్యాండులో పెద్ద బాకా ఊదుతాడు. గోడ మీంచి తొంగి చూస్తాడు.

"మా బ్యాండు పుస్తకంలో పాట రాసినట్టే, అయిదు గీతల మీద చుక్కలు బాగానే పడ్డాయండీ. గీతల మొదట్లో పెట్టే గుర్తే లేదు. అది లేకపోతే ఏ గీత ఏ స్వరమో దేవుడికి కూడా తెలీదు."

"గుర్తంటే?"

"క్లెఫ్ అంటాం. అదే చుక్క, అదే గీత. ఒక గుర్తు పెడితే పైస్థాయి, ఇంకోటి పెడితే కింది స్థాయి. ఫ్రెంచి వాళ్ల మాటట. తాళంచెవి అని అర్థం."

"ముందే చెప్పొద్దూ మాస్టారూ! నా దగ్గర అవి బస్తాల కొద్దీ ఉన్నాయి."

గుత్తులు తెచ్చి తీగల మొదట్లో ఒక్కొక్కటే తగిలిస్తాడు. బీరువా తాళంచెవి పెడితే వీధిలో బీరువాలన్నీ తెరుచుకుంటాయి. గోదాముది పెడితే వాన పడి ఆగుతుంది. మాట తెరుచుకోదు.

మాస్టారు ఉండబట్టలేక సుద్దముక్కతో మెలికల గుర్తొకటి గాలిలో గీస్తాడు. చుక్కలు సన్నగా, బస్సు మెట్టు మీంచి అన్నట్టు పలుకుతాయి. అవనిగడ్డ బస్సొచ్చి గడప ముందు నిలబడుతుంది. శేషారత్నం లోపలి కాలు పైకి లేస్తుంది.

పాండురంగయ్య కండువాతో గబగబా తుడిచేస్తాడు. కాలు దిగుతుంది. బస్సు ఇంజను మాత్రం ఆగదు.

"అది పైస్థాయిదండీ. కింది స్థాయిది మనిషి చెవిలా ఉంటుంది. ముప్ఫయ్యేళ్లు తాళాలమ్మారు, చెవి సంగతే మర్చిపోయారు."

"అయితే గీసెయ్యండి."

"నేను గీస్తే నా చెవవుతుంది. ఆవిడ నాతో అన్లేదుగా."

పాండురంగయ్య లెక్క చూసుకుంటాడు. చెవులు రెండు. ఒకటి పోతే ఒకటి మిగులుతుంది. ఆమె ఒక్కతే. ఇందులో బేరం లేదు.

కుడిచెవి కొక్కేనికున్న తాళంచెవిలా తేలిగ్గా ఊడొస్తుంది. కింద నుంచి నాలుగో తీగకి తగిలిస్తాడు. మాట గొంతు కొంచెం దించుతుంది, ఏ ఉంటానో మాత్రం తేలదు.

"ఆ తీగకి పైనొకటి, కిందొకటి చుక్కలుండాలి," అంటాడు మాస్టారు. "అప్పుడే ఏ తీగని నమ్ముకోవాలో తెలిసేది."

పాండురంగయ్య కొట్లో అన్ని అరలూ వెతుకుతాడు. ఏ బేరాన్నీ లేదని పంపని మనిషి గడప దగ్గరికొచ్చి నిలబడతాడు.

"రత్నం, నా దగ్గర లేవే."

ఆమె చెయ్యి కదులుతుంది. చెవి దుద్దులు రెండూ తీస్తుంది. చెయ్యి పెరడంతా సాగి, నాలుగో తీగకి పైనొకటి, కిందొకటి పెడుతుంది.

"ఉంటాను," అంటుంది మాట, నూతిలోంచి వచ్చినట్టు లోతుగా. ఇల్లు రెండు మెట్లు కిందికి దిగి కూర్చుంటుంది. బస్సు ఇంజను ఆగుతుంది.

శేషారత్నం లోపలికొచ్చి రేకుపెట్టె తెరుస్తుంది. చీరలు లేవు. ముప్ఫయ్యేళ్లుగా ఆమె అన్న మాటలు, మడతలు పెట్టి ఉన్నాయి. ఒక్కొక్కటే దులిపి ఆరేస్తోంది. తీగలు గోడ దాటి, రేవు దాటి, సముద్రం మీదికి సాగిపోతున్నాయి. మొదట్లో చెవి ఒకటి, రెండు దుద్దులు పెట్టుకుని, వింటోంది.